‘నేరం నాదే’ అన్న మాట వెనుక

ఒక మనిషి తనంతట తానే నేరం ఒప్పుకుంటే ఇక విచారించవలసిందేముంది అనిపిస్తుంది. కాని ఆ మాటను తిరగవేసి చూచినవారికి దాని అడుగున ఒకప్పుడు భయం, ఒకప్పుడు నిస్పృహ, మరొకప్పుడు తోడబుట్టినవారి మీది మమకారం కనిపించాయి.

1819 డిసెంబరు 22వ తేదీ. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కొండల నడుమ ఒదిగి ఉన్న మాంచెస్టర్ గ్రామం. అక్కడి చెరసాలలో స్టీఫెన్ బూర్న్ అనే రైతు సంకెళ్ళతో కూర్చుని ఉరితీతకు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇక మిగిలినవి ముప్పైయేడు రోజులు. తన సోదరి భర్త రస్సెల్ కాల్విన్‌ను తానే కొట్టి చంపానని, శవాన్ని తానే పూడ్చిపెట్టానని అతడు వ్రాసి ఇచ్చి నాలుగు నెలలు కావస్తున్నది.

ఆనాడు ఊరిలోకి ఒక బండి వచ్చి ఆగింది. అందులోనుంచి దిగిన మనిషిని చూచి జనం నిశ్చేష్టులయ్యారు. ఆ తరువాత కేకలు, పరుగులు, ఫిరంగి మోతలు. వచ్చినవాడు రస్సెల్ కాల్విన్. ఏడేండ్ల క్రితం హత్యకు గురైనట్లు న్యాయస్థానం నిర్ధారించిన మనిషి.

అతడిని స్టీఫెన్ ఎదుటికి తీసుకువెళ్ళారు. ఆ సంకెళ్ళెందుకని కాల్విన్ అమాయకంగా అడిగాడట. నిన్ను చంపానంటున్నారని స్టీఫెన్ బదులు చెప్పాడు. నీవు నాకెన్నడూ హాని చేయలేదే అని ఆ ‘హతుడు’ ఆశ్చర్యపోయాడు.

చేయని హత్యను మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? ఒప్పుకున్నదానిని ఎవరు, ఎట్లా విప్పగలరు? రెండు వందల ఏండ్లుగా న్యాయశాస్త్రవేత్తలను, మనస్తత్వ శాస్త్రజ్ఞులను, డిటెక్టివ్ కథకులను వెంటాడుతున్న ప్రశ్నలివి.

కలలో వినిపించిన సాక్ష్యం

రస్సెల్ కాల్విన్ మతి స్థిమితం లేని మనిషి. భార్య శాలీ, పిల్లలతో మామగారింట ఉండేవాడు. చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్ళడం, కొన్నాళ్ళకు తిరిగి రావడం అతడికి అలవాటు. ఆ కుటుంబ పోషణభారం తమ తండ్రిపై పడిందని శాలీ సోదరులు స్టీఫెన్, జెస్సీలకు కడుపుమంట. 1812 మే నెలలో ఒకనాడు పొలంలో బావమరదుల నడుమ మాటా మాటా పెరిగింది. ఆనాటి నుంచి కాల్విన్ కనబడలేదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తరువాత గుసగుసలు మొదలైనాయి. కాల్విన్ ఏమయ్యాడని అడిగినప్పుడు, బంగాళాదుంపలు గడ్డకట్టని చోటికి పోయాడని స్టీఫెన్ ఎగతాళిగా అన్నట్లు ఊరిలో చెప్పుకున్నారు. మూర్ఖంగా అన్న మాట మనిషి మెడకు ఉచ్చు కాగలదని అప్పుడతడికి తెలియదు.

ఏడేండ్లు గడిచాయి. 1819లో ఆ సోదరుల పినతండ్రి ఏమోస్ బూర్న్‌కు ఒక కల వచ్చింది. కాల్విన్ ప్రేతం మంచం పక్కన నిలిచి, తనను హత్య చేశారని, పొలంలోని పాత నేలమాళిగ గుంటలో పాతిపెట్టారని చెప్పిందట. నిప్పు లేనిదే పొగ రాదని నమ్మేవారికి ఇంతకంటే ఏమి కావాలి? గుంట త్రవ్వారు. శవం దొరకలేదు. దొరికినవి కొన్ని పెంకులు, ఒక బొత్తాము, చాకులు. అవి తన భర్తవేనని శాలీ చెప్పింది. ఒక చెట్టుమోడు క్రింద ఎముకలు బయటపడ్డాయి. వైద్యులు తొలుత అవి మనిషివేనన్నారు. చివరకు, అంతకుముందు శస్త్రచికిత్సలో తీసి పూడ్చిన ఒక మనిషి కాలిని వెలికితీసి పోల్చి చూచారు. తమకు దొరికినవి పశువు ఎముకలని అప్పుడు తేలింది.

విచారణ అక్కడితో ఆగిపోవలసింది. కాని ఆ సమయానికే జెస్సీ నిర్బంధంలో ఉన్నాడు. రోజుల తరబడి ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. చివరకు, బహుశా స్టీఫెనే కాల్విన్‌ను చంపి ఉంటాడని అతడి నోటి వెంట వచ్చింది. స్టీఫెన్ అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో, వందల మైళ్ళ దూరాన కాపురముంటున్నాడు. అధికారులు అక్కడికి వెళ్ళి అతడిని పట్టి తెచ్చారు. తాను నిర్దోషినని అతడు మొత్తుకున్నాడు. జెస్సీ తన మాటను ఉపసంహరించుకున్నాడు. కాని విడిచిన బాణం వెనక్కి రాలేదు.

జెస్సీ ఉన్న గదిలోనే సైలస్ మెరిల్ అనే మరొక ఖైదీ ఉండేవాడు. ఫోర్జరీ నేరం మోపబడినవాడు. జెస్సీ ఒక రాత్రి తనతో సర్వమూ చెప్పాడని, స్టీఫెన్ కొట్టగా తండ్రి కూడా ఆ హత్యలో పాల్గొన్నాడని అతడు అధికారులకు చెప్పాడు. చెప్పినందుకు మెరిల్‌కు సంకెళ్ళు తొలగినాయి.

ఉరికంబం వైపు ఒక సలహా

ఇప్పుడు స్టీఫెన్ పరిస్థితి ఆలోచించవలసినది. ఊరంతా అతడు హంతకుడని నమ్ముతున్నది. సోదరుడు చిక్కుకున్నాడు. ముసలి తండ్రి పేరు కూడా హత్యలోకి వచ్చింది. ఎట్లాగూ శిక్ష తప్పదు, నేరం ఒప్పుకుంటే ప్రభుత్వం దయ తలచవచ్చునని పరిచయస్థులు హితబోధ చేస్తున్నారు.

1819 ఆగస్టు 27న స్టీఫెన్ కలం పట్టాడు. ఆ కాగితంలో ఉన్న కథ ఇది: పొలంలో తనకూ కాల్విన్‌కూ వాగ్వాదం జరిగింది. కాల్విన్ ముందుగా కర్ర ఎత్తాడు. ఆ కర్ర లాగుకొని తాను తిరిగి కొట్టాడు. కాల్విన్ కూలిపోయాడు. శవాన్ని దాచినదీ, పూడ్చినదీ తానే. ఈ కథలో జెస్సీ లేడు, తండ్రి లేడు. దెబ్బా తనదే, గోయీ తనదే.

స్టీఫెన్ మనసులో ఏముండినదో చెప్పగల సాక్షి లేడు. ఆత్మరక్షణలో జరిగిన హత్యగా చూపి తన మెడ కాపాడుకోవాలన్న ఆశ అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ పత్రం చేసిన రెండవ పని కూడా అంతే స్పష్టం: అది రక్తసంబంధీకులిద్దరినీ పొలంలో నుంచి బయటికి పంపివేసింది.

అక్టోబరు చివర గ్రామ ప్రార్థనామందిరంలో విచారణ మొదలైంది. న్యాయస్థానంలో పట్టనంత జనం వచ్చారు. శవం లేదు. మనిషి ఎముక ఒక్కటి లేదు. ఉన్నవి మెరిల్ సాక్ష్యం, స్టీఫెన్ మాటలు, కాల్విన్ కుమారుడు తన చిన్ననాటి జ్ఞాపకంగా చెప్పిన కలహవృత్తాంతం. జ్యూరీ ఇద్దరినీ దోషులన్నది. 1820 జనవరి 28న ఇద్దరికీ ఉరి. రాష్ట్ర శాసనసభ జెస్సీ శిక్షను యావజ్జీవంగా తగ్గించింది. స్టీఫెన్ విన్నపాన్ని త్రోసిపుచ్చింది. ఒప్పుకుంటే దయ లభిస్తుందన్నవారు తప్పు చెప్పారు.

వార్త విన్న ఇద్దరు

ఆనాడు ఆ ప్రాంతంలో డిటెక్టివ్ అనే వృత్తే లేదు. ఆ పని చేసినవారు అనుకోకుండా తటస్థపడిన ఇద్దరు సామాన్యులు.

న్యూయార్క్ నగరంలోని ఒక హోటలులో ఎవరో పత్రికలోని ఈ హత్యా వృత్తాంతాన్ని బిగ్గరగా చదువుతున్నారు. విన్నవారిలో న్యూజెర్సీకి చెందిన టేబర్ చాడ్విక్ ఒకడు. కాల్విన్ వర్ణన వినగానే అతడికి డోవర్ సమీపంలో పోల్‌హీమస్ అనే రైతు ఇంట పనిచేస్తున్న ఒక మతిచెడిన మనిషి గుర్తుకు వచ్చాడు. ఆ మనిషి మాంచెస్టర్ గురించి, బూర్న్ కుటుంబం గురించి మాట్లాడుతుండేవాడు. డిసెంబరు 6న చాడ్విక్ ఈ సంగతి వివరిస్తూ పత్రికకు లేఖ వ్రాశాడు. మాంచెస్టర్‌లో దానిని నమ్మినవారు బహు కొద్దిమంది.

రెండవవాడు జేమ్స్ వెల్ప్లీ. పూర్వం మాంచెస్టర్ నివాసి, కాల్విన్‌ను ఎరిగినవాడు. అతడు వాదనలతో కాలం గడపలేదు. డోవర్ వెళ్ళి మనిషిని కండ్లారా చూచాడు. పాత ఊరి మనుషుల గురించి, స్థలాల గురించి ప్రశ్నించి, ఆ జవాబులు కాల్విన్‌కు మాత్రమే తెలిసినవని నిశ్చయించుకున్నాడు. కాని కాల్విన్ ఆ ఊరు రానన్నాడు. అతడికి ప్రీతిపాత్రురాలైన ఒక యువతిని తోడు తెచ్చి, విహారయాత్ర పేరుతో న్యూయార్క్ వరకు నడిపించారు. అక్కడ రేవులో బ్రిటిష్ యుద్ధనౌకలు కాచుకొని ఉన్నాయి, చుట్టుదారిన వెళ్ళాలని నమ్మించి వెర్మాంట్ బండి ఎక్కించారు. అట్లా ఒక అబద్ధపు ప్రయాణం ఒక అబద్ధపు మరణాన్ని రద్దు చేసింది.

సోదరులిద్దరూ విడుదలైనారు. నష్టపరిహారం ఇవ్వమని అర్థించగా శాసనసభ నిరాకరించింది. కాల్విన్ తిరిగి డోవర్ వెళ్ళిపోయాడు. ఈ కథ ఆధారంగా ఆంగ్ల నవలాకారుడు విల్కీ కాలిన్స్ ‘ది డెడ్ అలైవ్’ వ్రాశాడు. 1932లో ఎడ్విన్ బోర్చర్డ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు నిర్దోషుల శిక్షలపై వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలోనూ దీనికి చోటు లభించింది.

లాఠీ అక్కరలేని ఒప్పుకోలు

అసత్యపు ఒప్పుకోలు అనగానే చీకటి గది, లాఠీ, నిద్రలేని రాత్రులు గుర్తుకు వస్తాయి. వాటి పాత్ర కాదనలేనిది. కాని అవి మాత్రమే కారణం కాదు. 1985లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు సాల్ కాసిన్, లారెన్స్ రైట్స్‌మన్ ఇటువంటి ఒప్పుకోళ్ళను మూడు తెగలుగా విభజించారు. ఎవరి ఒత్తిడీ లేకుండా తనంతట తాను చెప్పేది ఒకటి. ఒత్తిడికి తాళలేక, అప్పటికి బయటపడితే చాలునని చెప్పేది రెండవది. పదే పదే ప్రశ్నించగా తానే చేశానేమోనని నిజంగా నమ్మి చెప్పేది మూడవది.

ఈ మూడవ తెగకు ప్రత్యక్ష సాక్షి గిస్లీ గుడ్యాన్సన్. ఐస్‌లాండ్‌లో యువకుడిగా పోలీసు శాఖలో పనిచేస్తున్నప్పుడు, 1970ల నడుమ, అతడు ఒక డబ్బుసంచి దొంగతనం కేసు విచారించాడు. అనుమానితుడు త్రాగుడు వల్ల జ్ఞాపకం చెడినవాడు. తనకేమీ గుర్తు లేకపోయినా తానే తీసి ఉంటానని ఒప్పుకున్నాడు. తరువాత తేలినదేమిటంటే అసలు దొంగతనమే జరగలేదు. ఆ అనుభవం ఆ పోలీసును మనస్తత్వ శాస్త్రజ్ఞుడిగా మార్చింది. ఒప్పుకోళ్ళ సత్యాసత్యాలపై ప్రపంచంలో పేరెన్నికగన్న నిపుణులలో అతడొకడు. ఐస్‌లాండ్ ఖైదీలపై అతడూ సహచరులూ జరిపిన పరిశోధనలో, అబద్ధపు ఒప్పుకోలు చేశామన్నవారు చూపిన ప్రధాన కారణాలలో ఒకటి ఇది: మరొకరిని కాపాడడం.

ఇందుకు సుదూర దేశాల ఉదాహరణలు కూడా అక్కరలేదు. ఇంట్లో పాలగిన్నె దొర్లిపోతుంది. తల్లి కోపంగా వస్తుంది. తమ్ముడి కళ్ళలో నీళ్ళు చూచి అక్క ‘నేనే పారబోశాను’ అంటుంది. ఆ అబద్ధాన్ని మెచ్చుకోని పెద్దలు అరుదు. అదే పిల్లలు పెద్దవారై, పాలగిన్నెకు బదులు నెత్తురు మరక ఎదురైనప్పుడు కూడా ఆ నాలుక మీదికి అదే మాట రావడంలో వింత లేదు.

అయితే విచారించేవాడికి అన్నిటికంటే కఠినమైన చిక్కుముడి ఇదే. భయంతో ఒప్పుకున్నవాడు భయం తీరగానే మాట మారుస్తాడు. ప్రేమతో ఒప్పుకున్నవాడు మార్చడు. తనను నమ్మమని వేడుకుంటాడు. సందేహించినవారిని శత్రువులుగా చూస్తాడు. అతడిని రక్షించబోయే డిటెక్టివ్ మొదట అతడితోనే పోరాడవలసి వస్తుంది.

సీసాలో లేని విషం

ఈ పోరాటాన్ని అత్యంత నిశితంగా చిత్రించిన నవలలలో అగాథా క్రిస్టీ 1942లో వెలువరించిన ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ ఒకటి. ప్రఖ్యాత చిత్రకారుడు ఏమియాస్ క్రేల్ విషప్రయోగంతో మరణిస్తాడు. భార్య కారొలైన్ దోషిగా నిర్ణయింపబడి, జైలులోనే కన్నుమూస్తుంది. పదహారేండ్ల తరువాత వారి కుమార్తె హెర్క్యూల్ పోయిరో వద్దకు వస్తుంది. తాను నిర్దోషినని తల్లి వ్రాసిపెట్టిన లేఖ ఆమె చేతిలో ఉంటుంది.

కారొలైన్ నేరం ఒప్పుకుంటూ సంతకం చేయలేదు. కాని న్యాయస్థానంలో ఆమె పోరాడలేదు. తీర్పును దాదాపు ప్రశాంతంగా స్వీకరించింది. ఆ మౌనమే ఒప్పుకోలుగా అందరూ భావించారు. ఆపైన ఆ ఇంట పిల్లకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని ఒక రహస్యం పోయిరోకు చెబుతుంది: భర్త శవం పక్కన కారొలైన్ బీరు సీసాపై వేలిముద్రలు తుడిచివేసి, మృతుడి వ్రేళ్ళను దానిపై అద్దుతుండగా తాను కళ్ళారా చూచానని. ఉపాధ్యాయినికి ఇది నేరానికి తిరుగులేని నిదర్శనం.

పోయిరోకు ఇది నిర్దోషిత్వానికి తిరుగులేని నిదర్శనం! ఎందుకంటే విషం ఉన్నది సీసాలో కాదు, గ్లాసులో. విషం పెట్టిన మనిషికి అది ఎక్కడ పెట్టిందీ తెలిసి ఉండాలి. సీసాను తుడిచిన మనిషికి తెలియదు. అయితే తుడవడం దేనికి? ఆ సీసాను అంతకుముందు పట్టుకున్న వేరొకరి వేలిముద్రలు చెరిపివేయడానికి.

ఆ వేరొకరు కారొలైన్ సవతి చెల్లెలు ఏంజెలా. చిన్ననాట ఈర్ష్యతో కారొలైన్ విసిరిన బరువు తగిలి పసిబిడ్డ ఏంజెలాకు ఒక కన్ను పోయింది. ఆ పాపం జీవితాంతం అక్కను దహించింది. చెల్లెలే ఈ పని చేసిందని భ్రమపడి, ఆమె బదులు తాను శిక్ష మోస్తే ఆ పాత ఋణం తీరుతుందని ఆమె తలచింది. అందుకే ఆ ప్రశాంతత. విషాదమేమిటంటే, చెల్లెలు కూడా నిర్దోషియే. అక్క త్యాగం రక్షించినది చెల్లెలిని కాదు, అసలు హంతకిని. ఆ పేరు నవల చదవబోయేవారికి విడిచిపెట్టడమే న్యాయం.

కథలోని ఈ సూత్రం నిజజీవితానికీ వర్తిస్తుంది. మరొకరి కోసం నేరం మోసేవాడికి నేరం జరిగిన తరువాతి దృశ్యం తెలుసు. నేరం జరిగిన తీరు తెలియదు. శవం ఎక్కడ పడి ఉన్నదో చెప్పగలడు; దెబ్బ ఎటునుంచి పడిందో చెప్పబోతే తడబడతాడు. చూచినదానికి, చేసినదానికి నడుమ ఉన్న ఆ సన్నని ఖాళీలోనే డిటెక్టివ్ దీపం పెట్టి వెతకాలి.

మన చట్టంలోని జాగ్రత్త

ఒప్పుకోలును అనుమానించడంలో భారతీయ చట్టం ప్రపంచంలోని అనేక చట్టాల కంటే ముందడుగు వేసింది. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం ముసాయిదాకు రూపకల్పన చేసినవాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఖైదీ కళ్ళలో కారం రుద్దుతూ నీడన కూర్చోవడం, ఎండలో తిరిగి సాక్ష్యం వెతకడం కంటే సుఖమైన పని అని ఇక్కడి అధికారి ఒకరు చెప్పిన సంగతిని అతడు తన గ్రంథంలో నమోదు చేశాడు. అటువంటి సోమరితనానికి చట్టమే అడ్డుకట్ట వేసింది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదు. ఆశ చూపి, బెదిరించి, మాట ఇచ్చి చేయించినదీ చెల్లదు. 2024 జూలై 1 నుంచి ఆ పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా, 22, 23 సెక్షన్లలో ఈ సూత్రాలు నిలిచే ఉన్నాయి.

మేజిస్ట్రేటు ఎదుట చేసే ఒప్పుకోలుకు విలువ ఉన్నది. అయితే దానిని వ్రాసుకునే ముందు, నీవు ఒప్పుకోనక్కరలేదు, ఒప్పుకుంటే అది నీకు వ్యతిరేకంగా ఉపయోగపడవచ్చునని మేజిస్ట్రేటు వివరించి తీరాలి. అది స్వచ్ఛందమని అతడికి నమ్మకం కలగాలి. తరువాత నిందితుడు మాట మార్చుకుంటే, ఇతర సాక్ష్యం బలపరచనిదే ఆ పత్రంపై శిక్ష విధించడం వివేకం కాదని న్యాయస్థానాలు పదే పదే చెప్పాయి.

ఒక మినహాయింపు ఉన్నది. నిర్బంధంలో ఉన్న నిందితుడు చెప్పిన మాట వల్ల అంతకు ముందు తెలియని విషయం ఏదైనా బయటపడితే, అంతమేరకు ఆ మాట చెల్లుతుంది. ఈ మినహాయింపుకు ఎల్లలు గీసిన తీర్పు తెలుగునేల మీద పుట్టిన వ్యాజ్యంలోనిది. గుంటూరు సెషన్సు న్యాయస్థానం విచారించిన ఒక హత్య కేసు పులుకూరి కోటయ్య పేరుతో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్ళింది. నా ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తానని నిందితుడు చెప్పి చూపితే, కత్తి అక్కడ ఉన్నదని అతడికి తెలుసుననేంత వరకే నిరూపణ అయినట్లు. దానితో ఫలానావాడిని పొడిచానన్న మాట ఆ మినహాయింపులోకి రాదు. 1947 నాటి న్యాయనివేదికలలో ప్రచురితమైన ఆ తీర్పును మన దేశంలోని న్యాయస్థానాలు నేటికీ ఉదహరిస్తూనే ఉన్నాయి.

ఈ కొలబద్దను స్టీఫెన్ బూర్న్ పత్రానికి వర్తింపజేస్తే చాలు. అతడి ఒప్పుకోలు వల్ల కొత్తగా ఏమి దొరికింది? శవం దొరకలేదు. ఎముక దొరకలేదు. కొత్త ఆయుధం దొరకలేదు. అందులో ఉన్నదంతా అప్పటికే ఊరు అనుకుంటున్న కథ. లోకానికి తెలిసినదానిని మాత్రమే తిరిగి చెప్పే ఒప్పుకోలు లోకం వ్రాయించినదే కావచ్చునన్న అనుమానం ఆనాడు రావలసింది.

ప్రేమకు మినహాయింపు లేదు

తోబుట్టువు కోసం అబద్ధం చెప్పినవారి పట్ల చట్టం మెత్తబడుతుందా? మన శిక్షాస్మృతి పరారీలో ఉన్న నేరస్థుడికి ఆశ్రయమిచ్చిన భార్యకూ, భర్తకూ మినహాయింపు ఇచ్చింది. అన్నదమ్ములకూ, అక్కచెల్లెండ్రకూ ఇవ్వలేదు. నేరస్థుడిని తప్పించడానికి తెలిసి తప్పుడు సమాచారమివ్వడం నేరమే. ఇది కఠినంగా తోచవచ్చు. కాని దానిలో ఒక లెక్క ఉన్నది. అసత్యపు ఒప్పుకోలు ఒక నిర్దోషిని జైలుకు పంపి ఊరుకోదు. అసలు నేరస్థుడిని వీధిలో విడిచిపెడుతుంది. హతుడి బంధువులకు తప్పుడు ముఖం చూపి, జీవితాంతం దానిని ద్వేషించమంటుంది. రక్షణ పొందిన తోబుట్టువుకు కూడా అది వరం కాదు. తన బదులు మరొకరు చెరసాలలో ఉన్నారన్న ఎరుకతో బ్రతకడం వేరొక శిక్ష.

ఈనాడు విచారణ సాధనాలు పెరిగాయి. అమెరికాలో డి.ఎన్.ఎ. పరీక్షల వల్ల నిర్దోషులుగా తేలినవారిలో నాలుగోవంతుకు పైగా కేసులలో అసత్యపు ఒప్పుకోళ్ళు ఉన్నాయి. అంటే న్యాయాధిపతులు, జ్యూరీలు ఆ మాటలను పూర్తిగా నమ్మి శిక్షించినవే అవన్నీ. మనిషి తనకు తాను కీడు చేసుకోడన్న లోకజ్ఞానం ఎంత బలమైనదో, ఎంత మోసకరమైనదో ఆ అంకెయే చెబుతుంది.

బూర్న్ కథకు ఒక అనుబంధం మిగిలి ఉన్నది. 1860లో ఓహైయో రాష్ట్రంలో దొంగనాణేల ముఠాకు సంబంధించి వృద్ధుడైన జెస్సీ బూర్న్ పట్టుబడ్డాడు. మారువేషంలో తనతో కలిసిన అధికారితో అతడు గొప్పలు చెప్పుకున్నాడట: తాము కాల్విన్‌ను నిజంగానే చంపామని, తిరిగి వచ్చినవాడు వేషధారి అని. ఈ మాట ఆధారంగా 1990లో జెరాల్డ్ మక్‌ఫార్లండ్ అనే చరిత్రకారుడు ఒక పుస్తకమే వ్రాసి, డోవర్ నుంచి వచ్చిన మనిషి నిజంగా కాల్విన్ అవునా అన్న ప్రశ్నను మళ్ళీ లేవనెత్తాడు.

జెస్సీ చెప్పినది నిజమా? పెద్ద నేరగాడినని కొత్త మిత్రుడిని మెప్పించబోయిన ముసలివాడి ప్రగల్భమా? ఊరి జనం కాల్విన్‌ను గుర్తుపట్టారు. అతడూ వారిని పేరు పేరునా గుర్తుపట్టాడు. కాని విచిత్రం గమనించదగినది. ఒక ఒప్పుకోలు అబద్ధమని తేలిన నలభైయేండ్లకు, ఆ కుటుంబం నుంచి మరొక ఒప్పుకోలు వచ్చింది. దానికీ అదే పరీక్ష పెట్టవలసి ఉన్నది: ఎవరితో అన్నాడు, ఎందుకన్నాడు, ఆ మాట వల్ల కొత్తగా ఏమి దొరికింది?

ఏమీ దొరకలేదు. మొదటిసారి వలెనే.